అరబ్బీ అక్కర్లేని ఊళ్లో

దుబాయిలో అరబ్బీ రాకుండా బతకడానికి మనం చెయ్యాల్సింది ఏమీ లేదు, ఊరే అన్ని ఏర్పాట్లూ చేసిపెడుతుంది. టాక్సీ ఎక్కితే పెషావర్ వైపు డ్రైవరు ఎక్కడికని ఉర్దూలో అడుగుతాడు. కరక్ చాయ్ అమ్మే కెఫ్టేరియా మలబారు వాళ్లది. ఆఫీసులో ఇంగ్లీషు, కిరాణా కొట్లో హిందీ, సెలవురోజు కరామా హోటళ్లలో తెలుగు. మెట్రో బోర్డుల మీద రెండు భాషలూ ఉంటాయి కాబట్టి కన్ను తనకు తెలిసినదాని మీద వాలి, రెండోదాన్ని అలంకారం కింద జమకట్టేస్తుంది. దేశ జనాభాలో స్థానిక పౌరులు పదిమందికి ఒకరు, కాస్త అటూ ఇటూ. వాళ్లలో పెద్దతరం చాలామంది మనల్ని చూడగానే హిందీ అందుకుంటారు. 1966 దాకా ఈ తీరంలో చెల్లింది రూపాయేనాయె. 1959లో గల్ఫ్ కోసమని రిజర్వ్ బ్యాంకు వేరే నోట్లు కూడా అచ్చువేసింది. ఆఖరికి 2019లో అబుదాబి కోర్టులు సైతం కార్మిక తగాదాల అర్జీలకు అరబ్బీ, ఇంగ్లీషుల సరసన హిందీని చేర్చాయి. ఇంత ఆదరించే ఊళ్లో ఎవరికి నేర్చుకోబుద్ధవుతుంది?

అందుకే ఇరవయ్యేళ్లు ఉద్యోగం చేసి ఇంటిముఖం పట్టే తెలుగు ఇంజనీరు దగ్గర అరబ్బీ ముక్కలు ఐదారుకు మించవు: హబీబీ, యల్లా, ఖలాస్, ఇన్షా అల్లా, ఖల్లీవల్లీ. చివరిది, పోతేపోనీలే అనే అర్థంలో, గల్ఫ్ వెళ్లొచ్చిన ప్రతివాళ్ల నోటా వినిపిస్తుంది. అరబ్బీ ఎందుకు నేర్చుకోలేదండీ అని అడిగినా జవాబు అదే. పిల్లల సంగతి ఇంకా విచిత్రం. ప్రైవేటు బడుల్లో అరబ్బులు కాని పిల్లలకు కూడా ఒకటి నుంచి తొమ్మిదో తరగతి దాకా అరబ్బీ తప్పనిసరి. నేనెరిగిన పిల్లలు అన్నేళ్లూ చదివి, మంచి మార్కులే తెచ్చుకుని, ఎవరైనా అరబ్బీలో పేరు అడిగితే వాళ్లమ్మ వెనక్కి వెళ్లి నిలబడతారు.

అలాగని తెలుగువాళ్లకు అరబ్బీ రాదనుకోవద్దు. వచ్చినవాళ్లు ఆఫీసుల్లో లేరు, వంటిళ్లలో ఉన్నారు. కోనసీమ నుంచి, కడప వైపు నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు వాళ్లు. మా ఫ్లాటుకు వంటకు వచ్చే అక్కది రాజోలు దగ్గర పల్లె. కువైట్‌లో ఒకే ఇంట్లో చాలాకాలం చేసి, ఆనక ఇటు వచ్చింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. కూరగాయల కొట్టు సిరియావాడితో అరబ్బీలో బేరానికి దిగిందంటే మాత్రం అతను తూకం ఆపేసి వింటూ నిలబడతాడు.

"ఎలా నేర్చుకున్నావక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఆయ్, నేర్చుకోడం ఏటండి. మామ ఏం తెమ్మందో తెలకపోతే తిట్టేది. తెలిస్తే తిట్టేది కాదు. ఆర్నెల్లు తిరిగేతలికి వచ్చేసింది."

మామ అంటే అక్కడ ఇంటి యజమానురాలు. యజమాని బాబా. ఆ ఇంట్లో ఆమెకు పుస్తకం లేదు, పంతులు లేడు, సెలవు కూడా లేదు.

ఆమె మాటల్లో ఒక విశేషం చాలా రోజులకు గాని నాకు అందలేదు. కొట్టువాణ్ని పిలిచినా, వాచ్‌మన్‌ను పిలిచినా 'తాలీ' అంటుంది. అది ఆడమనిషిని రమ్మనడం. మగవాణ్నయితే 'తాల్' అనాలి. జీబీ, రూహీ, సక్రీ: తీసుకురా, వెళ్లు, మూసెయ్యి. ఆమె నోట అన్నీ స్త్రీలింగంలోనే పలుకుతాయి, ఎందుకంటే ఆమె వాటిని విన్నదే తనకు చెప్పగా. లెబనాన్‌లో శ్రీలంక నుంచి వచ్చిన పనివాళ్లూ వాళ్ల యజమానురాళ్లూ మాట్లాడుకునే అరబ్బీని పరిశోధించిన ఫిదా బిజ్రీ అనే భాషాశాస్త్రవేత్త దానికి 'పిడ్జిన్ మదామ్' అని పేరు పెట్టింది. అక్కడా ఇదే తీరు. క్రియలు చాలావరకు ఆడమనిషికి వేసిన ఆజ్ఞల రూపంలో గడ్డకట్టాయి. కట్టడాల దగ్గర పనిచేసే కరీంనగర్, జగిత్యాల మగవాళ్ల అరబ్బీ మరో రకం: 'అనా మాఫీ మాలూమ్', 'మాఫీ ముష్కిల్', 'సేమ్ సేమ్', 'సీదా'. అందులో సగం హిందీ, కొంత ఇంగ్లీషు, క్రియకు కాలమంటూ లేదు. దీన్ని ఎగతాళి చేసే చదువుకున్న అరబ్బులున్నారు, చదువుకున్న మనవాళ్లూ ఉన్నారు. ఆ అరకొర భాషతోనే ఆ మనుషులు కఫీలును, అంటే వీసా ఇచ్చిన యజమానిని, జీతం అడిగారు, ఆస్పత్రిలో నొప్పి ఎక్కడో చెప్పుకున్నారు, 'ఖురూజ్' అనే దేశం విడిచే అనుమతి కాగితం రాయించుకుని ఇల్లు చేరారు. నవ్వేవాళ్లు తమకు వచ్చిన ఏ భాషలోనైనా అంత పని చేయించుకున్నారా అన్నది అనుమానమే.

మరి అవసరం పడనివాడు ఎందుకు నేర్చుకోవాలి? ఉద్యోగాలొస్తాయని చెప్పేవాళ్ల మాట నేను సగమే నమ్ముతాను. అరబ్బీ కావలసిన కుర్చీకి పుట్టుకతో అరబ్బీ వచ్చిన ఈజిప్టువాడో జోర్డాన్‌వాడో సిద్ధంగా ఉంటాడు. సాయంత్రం క్లాసులకు వెళ్లి తంటాలు పడ్డ మనవాణ్ని పిలిచేవాళ్లు తక్కువ. కాగితాల మాట వేరు. పని ఒప్పందం రెండు భాషల్లో ఉండి రెంటికీ తేడా వస్తే చెల్లేది అరబ్బీ పాఠమే. ఆర్థిక కేంద్రంలో ఇంగ్లీషులో నడిచే ప్రత్యేక కోర్టును పక్కన పెడితే, దుబాయి మామూలు కోర్టుల భాష అరబ్బీయే. సంతకం పెడుతున్న కాగితంలో ఎడమ సగం మాత్రమే చదవగలిగి, చెల్లుబాటయ్యే కుడి సగాన్ని టైపింగ్ సెంటర్ కుర్రాడి మంచితనానికి వదిలెయ్యడం తెలివైన పని కాదు.

నన్ను కదిలించింది మాత్రం ఇవేవీ కావు. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఉంటూ తెలుగు ముక్క నేర్చుకోనివాళ్ల మీద మనం తెగ విసుక్కుంటాం. ఇక్కడి ఉప్పు తింటూ ఇక్కడి మాట వద్దా అంటాం. ఆ విసుగంతా విమానం ఎక్కేముందు శంషాబాద్‌లోనే దింపేసి వస్తున్నాం కాబోలు. ఒక ఊళ్లో అంతకాలం ఉండి, ఆ ఊరు తనలో తాను ఏమనుకుంటోందో చెవిన వేసుకోకపోవడం నాకు మర్యాదగా తోచలేదు.

సరే, నేర్చుకుందామని కూర్చుంటే మొదటి చిక్కు: ఏ అరబ్బీ? వార్తల్లో, పుస్తకాల్లో, ప్రసంగాల్లో, బడి పాఠాల్లో ఉండేది ఫుస్హా. ఇంట్లో అది ఎవరూ మాట్లాడరు. ఎలా ఉన్నావని అడగడానికే గల్ఫ్ వాళ్లది 'శ్లోనక్', బేరూత్ వాళ్లది 'కీఫక్', కైరో వాళ్లది 'ఇజ్జయ్యక్'. నా క్లాసులోని జర్మన్ కుర్రాడికి ఈ రెండంతస్తుల భాష సంగతి బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. తెలుగువాడికి గిడుగు రామమూర్తి పేరు తలుచుకుంటే చాలు. కాకపోతే మన దగ్గర వ్యావహారికం గెలిచి పత్రికల్లోకీ కథల్లోకీ వచ్చేసింది, అక్కడ ఫుస్హా గద్దె దిగలేదు. 1988లో నోబెల్ అందుకున్న నగీబ్ మహఫూజ్ కైరో సందుగొందుల మనుషుల చేత కూడా ఫుస్హాలోనే మాట్లాడించాడు. అందువల్ల మొరాకోలో రాసిన పుస్తకాన్ని ఒమన్‌లో చదువుకోగలుగుతున్నారు. మనం దాన్ని తక్కువ చెయ్యడానికి లేదు. అలాగని టీ కొట్లో ఫుస్హా తీస్తే పౌరాణిక నాటకంలో పాత్రధారి పద్యం మధ్యలో దిగి చాయ్ అడిగినట్టుంటుంది. నా సలహా ఏమిటంటే, కంటికి ఫుస్హా, నోటికి ఏదో ఒక్క యాస, రెంటినీ మొదటిరోజు నుంచే. ఫుస్హా పూర్తిచేశాక యాస చూద్దాం అనుకున్నవాళ్లు ఎవరూ అక్కడిదాకా రావడం నేను చూడలేదు.

పుస్తకాల్లో ఎక్కువమంది పట్టుకునేవి 'మదీనా పుస్తకాలు'. మదీనాలోని ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన డాక్టర్ వి. అబ్దుర్రహీమ్ రాసినవి. ఆయన సొంతూరు తమిళనాడులోని వాణియంబాడి. ప్రపంచమంతా అరబ్బీ ఓనమాలు దిద్దుతున్నది ఒక దక్షిణాది పంతులుగారి దగ్గర అని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. ఎమిరాతీ యాసకు 'అర్రమ్సా' అనే సంస్థ ఉంది. అల్ ఫహీదీలో గాలిగోపురాల పాత ఇళ్ల మధ్య షేక్ మహమ్మద్ సాంస్కృతిక అవగాహన కేంద్రం ఉంది. 1998 నుంచి పరాయివాళ్లను కూర్చోబెట్టి భోజనం పెట్టి, ఏ ప్రశ్నయినా అడగమంటారు. డబ్బు పెట్టలేనివాళ్లకు 'ఫ్రీజ్' ఉంది. 2006లో మొదలైన ఈ దుబాయి కార్టూన్‌లో నలుగురు ముసలమ్మలు పాత పేటలో కూర్చుని మారిపోతున్న ఊరి మీద చెణుకులు విసురుతుంటారు. వీళ్ల నోట ఖహ్వా 'గహ్వా' అవుతుంది, మస్జిద్ 'మస్యిద్' అవుతుంది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత చక్కగా చెప్పదు.

లిపికి మాత్రం సూపర్‌మార్కెట్టును మించిన బడి లేదు. ఆహారపదార్థాల డబ్బాల మీద అరబ్బీ ఉండి తీరాలి. మనకు ముందే తెలిసిన పేరు ఆ లిపిలో ఎలా ఉందో చూడటమే పాఠం. పెప్సీ డబ్బా తిప్పి చూస్తే 'బీబ్సీ' అని ఉంటుంది, అరబ్బీలో 'ప' లేదు గనక. కిట్‌కాట్‌లో 'కాఫ్' ఎలా ముడిపడుతుందో, లబన్ కప్పు మీద 'లామ్' ఎంత పొడుగు లేస్తుందో, బండి తోసుకుంటూ పోతుంటే ఇరవై ఎనిమిది అక్షరాలూ ఒక్కొక్కటే కళ్లబడతాయి. వెనక ఎవరైనా ఉంటే కాస్త విసుక్కుంటారు, అంతే. ఆ తర్వాత మెట్రో. 'యూనియన్' స్టేషను బోర్డు మీద అరబ్బీలో 'అల్ ఇత్తిహాద్' అని ఉంటుంది. రాస్ అల్ ఖోర్ అంటే ఉప్పుటేరు తల, జెబెల్ అలీ అంటే అలీ కొండ. రోజూ పలికే ఊరి పేర్లకు అర్థముందని తెలియడం మొదట్లో కొంచెం వింతగానే ఉంటుంది.

అక్షరాలు వచ్చాక అసలు పరీక్ష. మనం గుణింతాల మీద పెరిగినవాళ్లం. ప్రతి అచ్చూ హల్లు నెత్తినో కాళ్ల దగ్గరో కనబడాలి. వీళ్లు హ్రస్వాలు రాయరు. చదివేవాడికి మాట ముందే తెలిసి ఉండాలన్నది వాళ్ల లెక్క. నేర్చుకోవడానికి చదవాలి, చదవడానికి నేర్చుకుని ఉండాలి! ఈ ముడి విప్పేది ధాతువులు. మూడు హల్లుల మూసలోంచి పదాలు పుట్టుకొస్తుంటాయి. మన రెవెన్యూ కచేరీల పుణ్యమా అని ఆ మూసలు తెలుగువాడి చెవికి కొత్త కాదు. వకీలు, వకాల్తా ఒక ధాతువు పిల్లలు. తహసీలు, మహసూలు ఇంకో ధాతువువి. హాజరు, హుజూరు మరోదానివి. పట్టాదారు పాసుపుస్తకం కోసం తిరిగిన రైతుకు తెలియకుండానే అరబ్బీ వ్యాకరణంలో నాలుగు పాఠాలు అయిపోయాయన్నమాట.

హైదరాబాద్ గురించి ఒక మాట. అక్కడ 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ అల్ బెరూనీ వంటివాళ్ల పాత అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేసింది. ఆ ప్రతులు అరబ్బుల గ్రంథాలయాల్లోనే ఉన్నాయి, అట్టల లోపల హైదరాబాద్ దక్కన్ అని ముద్రతో. అరబ్బులకు అరబ్బీ పుస్తకాలు పంపిన ఊళ్లో చదువుకున్న నేను ఇక్కడికొచ్చి పెప్సీ డబ్బాతో మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇక మాట్లాడటానికి మనిషి దొరకడం. అదే కష్టం. మనం అరబ్బీలో మొదలుపెడితే అవతలివాళ్లు జాలిపడి ఇంగ్లీషులోకి దిగుతారు. మందుల షాపు ఈజిప్టువాడికి క్యూలో జనం ఉంటారు. సర్కారు కౌంటర్ దగ్గర ఎమిరాతీ అమ్మాయి నవ్వి, "బోలో" అంటుంది. టైపింగ్ సెంటర్ సూడానీ పెద్దాయన ఒక్కడే నా వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతాడు. రద్దీ లేనప్పుడు ఏదో ఒక కాగితం సాకు పెట్టుకుని ఆయన దగ్గరికి పోతుంటాను.

మొన్న మా అక్క ఫోను నా చేతిలో పెట్టింది. కువైట్ మామ దగ్గర్నుంచి వాట్సాప్‌లో పెళ్లిపత్రిక వచ్చింది, బంగారు రంగు అక్షరాలతో. ఆ ఇంట్లో ముగ్గురాడపిల్లలు, ముగ్గురినీ పెంచింది ఈమే. ఎవరి పెళ్లో చదివి చెప్పమంది. మెల్లగా కూడబలుక్కున్నాను. తండ్రి పేరు ఉంది, వరుడి పేరు ఉంది, వేదిక ఉంది. పెళ్లికూతురి పేరుండాల్సిన చోట 'కరీమతుహు' అని మాత్రమే ఉంది. అక్కకు తెలిసింది 'బింత్'. ఇది ఆమె ఎప్పుడూ వినలేదు. హాన్స్ వేర్ నిఘంటువులో క-ర-మ ధాతువు కింద వెతికాను. గౌరవనీయురాలైన కుమార్తె అని అర్థం. ఆ తీరాన చాలా పత్రికల్లో పెళ్లికూతురి పేరు వెయ్యరు.

"పేరు లేదక్కా, కూతురని మాత్రం రాశారు."

"అది నాకూ తెలుసండి," అని ఫోను లాక్కుని, మైకు బొమ్మ నొక్కి పట్టుకుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. మబ్రూక్ అన్నది ఒక్కటే నాకు చిక్కింది. ఉల్లిపాయ సగం తరిగేలోపే అటునుంచి జవాబొచ్చింది, నవ్వుతో కలిపి.

"చిన్నమ్మాయంటండి. తారీకు ఎప్పుడో చూడండి, అంకెలన్నా వచ్చు గదా మీకు."