చచ్చిన కోడికి లెక్క లేదు

మా షోలాపూర్ పద్మశాలి ఇళ్లల్లో లోపల మగ్గం, పెరట్లో నాలుగు కోళ్లు ఉండేవి. ఒక కోడి తూలుతూ కనబడితే చాలు, అమ్మ "కొక్కెర తగిలినట్టుంది, దాన్ని వేరే గంప కింద కమ్ము బిడ్డా" అనేది. బి.కాం. చదివి బ్యాంకులో చేరాక ఆ మాట మరిచిపోయాను.

2006 ఫిబ్రవరిలో నేను నందుర్బార్ జిల్లాలో ఉద్యోగం చేస్తున్నాను. మా అప్పుతో షెడ్డు కట్టిన రైతు ఒకాయన వచ్చి, "రోజూ కోళ్లు పడిపోతున్నాయి సాహెబ్" అన్నాడు. మార్చి దగ్గర పడుతోంది. నేను రోగమేమిటని అడగలేదు, కిస్తు ఎప్పుడు కడతావని అడిగాను. కొక్కెరేనని అందరూ అంటున్నారనీ, గుడ్లు అమ్మి కడతాననీ చెప్పాడు. సరేనన్నాను. పశువుల డాక్టరుకు చెప్పావా అన్న ఒక్క మాట నా నోట రాలేదు.

ఆ నెలలోనే నవాపూర్ కోళ్లకు బర్డ్ ఫ్లూ అని భోపాల్ లాబొరేటరీ తేల్చింది. దేశంలో అదే మొదటిసారి. లక్షల కోళ్లను చంపి గోతుల్లో పూడ్చారు. పరిహారం అలా చంపిన కోళ్లకే. ముందే చచ్చినవాటికి పైసా రాదు. ఆ రైతుకు అప్పటికే సగం షెడ్డు ఖాళీ. ఆలస్యానికి వడ్డీ వేయడం వచ్చిన నాకు, ఈ ఆలస్యం ఖరీదు మాత్రం తట్టలేదు.

ఊళ్లో అందరూ వలస పక్షుల్ని తిట్టారు. నేనూ తిట్టాను. తర్వాత చదివితే లెక్క తారుమారైంది. నీటి బాతుల్లో ఈ జాతి వైరస్‌లు పాతకాలం నుంచీ ఉన్నవే, చాలావరకు వాటికి పెద్దగా హాని చేయవు. కిక్కిరిసిన షెడ్లలో పడ్డాకే అవి ప్రాణాంతకంగా మారతాయి. ఈ హెచ్5ఎన్1 మూలం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు బాతులో దొరికింది. అదే 2005లో చింగ్‌హై సరస్సు మీద ఆరువేలకు పైగా అడవి పక్షుల్ని చంపింది. వాటిలో ఎక్కువ తలమీద రెండు నల్లచారలుండే బాతులు. 2021 జనవరిలో హిమాచల్ పోంగ్ జలాశయం దగ్గర వేలల్లో చచ్చినవీ అవే. చలికాలంలో మా ఉజనీ నీళ్లమీద వాలేవీ ఆ జాతే.

ఇప్పుడు ఉజనీ వైపు తనిఖీకి వెళ్తే పుస్తకాల కంటే ముందు షెడ్డు చూస్తాను. కిటికీలకు వల ఉందా, దాణా మీద కాకులు వాలుతున్నాయా, చెరువు నీళ్లు మందు కలపకుండానే తాగిస్తున్నారా, గుమ్మంలో కాళ్లకు సున్నం ఉందా? (నా కింది ఉద్యోగులు నవ్వుకుంటారు. నవ్వనీ.) చచ్చిన పక్షిని వట్టి చేత్తో ముట్టొద్దనీ, కాలువలో వేయొద్దనీ చెబుతాను.

మొన్న ఒక కుర్ర రైతుతో, "కోళ్లు పడితే మొదట డాక్టరుకు ఫోను చెయ్యి, తర్వాత నాకు" అన్నాను. "డాక్టరు జీపు గేటు ముందు ఆగిందంటే సాయంత్రానికే వ్యాపారి ధర పడగొడతాడు సాహెబ్" అన్నాడు. కాదనలేకపోయాను. "ఆ రోజు కిస్తు అడగను, గడువుకు నేనే రాస్తాను" అన్నాను. నమ్మాడో లేదో. కాసేపాగి, వల ఖరీదు అప్పులో కలుపుతారా అని అడిగాడు.