మూగవోయిన హెడ్‌ఫోను

చూపు లేని విద్యార్థికి కంప్యూటరు తెర కనబడదు. లినక్సుతో నడచు కంప్యూటరులో ఓర్కా యను సాధనము తెరమీది మాటలను చదివి వినిపించును. నలుగురు కూర్చుండి చదువుకొను గ్రంథాలయమున ఆ ధ్వని అతని చెవికి మాత్రమే చేరవలెనన్న హెడ్‌ఫోను కావలెను. దానిని తగిలించినను కంప్యూటరు గుర్తింపక, ధ్వని స్పీకర్లనుండియే వెలువడుచున్నచో, అతని చదువు అంతటితో ఆగిపోవును. అట్టి వేళ యంత్రమును నిందించుట సులభము. కారణమును వెదకుట వివేకము.

గుర్తింపు జరుగు విధమును మొదట తెలిసికొనవలెను. జాకులో చిన్న మీట యొకటి యుండును. ప్లగ్గు దూరగానే అది కదలును. ఇంటెల్ సంస్థ 2004లో వెలువరించిన హెచ్.డి. ఆడియో విధానమున, జాకులను వేరుపరచుటకు 5.1, 10, 20, 39.2 కిలో ఓముల నిరోధకములను వాడుదురు. మీట కదలగానే ధ్వని చిప్పు ఏ నిరోధకము కలిసినదో కొలిచి, ఏ జాకులో ప్లగ్గు చేరినదో గ్రహించును. ఆ వార్త లినక్సు కెర్నెలునకు చేరగా, అది స్పీకర్లను ఆపును.

ఈ వార్త త్రోవలో ఎచ్చట ఆగినదో వరుసగా చూడవలెను. ప్లగ్గు పూర్తిగా దిగినదా? ఆ హెడ్‌ఫోను వేరొక యంత్రమున పలుకుచున్నదా? పెట్టె వెనుకనున్న జాకులో పలికి, ముందున్న జాకులో పలుకకున్నచో, ముందుభాగపు తీగలను చూడవలెను. 1997 నాటి ఏసీ 97 విధానపు తీగలలో గుర్తింపు వార్తను మోయు తీగయే లేదు. అట్టి పెట్టెలలో ధ్వని మార్గమును చేతితోనే ఎన్నుకొనవలసి వచ్చును.

తీగలు సరిగా నున్నచో ఆల్సామిక్సరును తెరచి, ఎఫ్ 6 మీటతో సౌండు కార్డును ఎన్నుకొనవలెను. హెడ్‌ఫోను గీత క్రింద "ఎం ఎం" అని యున్నచో ధ్వని మూయబడినదని యర్థము; ఎం మీట నొక్కినచో అది తెరుచుకొనును. ఆటో మ్యూట్ అను అమరిక కనబడినచో, అది పనిచేయుచున్నదో లేదో చూడవలెను. ఇవన్నియు సరిగానున్నను గుర్తింపు లేకున్నచో, మదర్‌బోర్డు తెలిపిన జాకుల పట్టికయే తప్పు కావచ్చును. దానిని హెచ్‌డీఏ జాక్ రీటాస్కు అను సాధనముతో దిద్దవచ్చును.

ఒక్కసారి ఒక్క మార్పునే చేసి, ఫలితమును వ్రాసికొనవలెను. మూడింటిని కలిపి మార్చినవానికి ధ్వని వినబడవచ్చును గాని, లోపమెక్కడ నుండినదో తెలియదు. అది తెలియనివాడు మరుసటిసారి మరల మొదటినుండియే వెదకవలసి యుండును.