అంగుళం కిందికి

మా పెద్దాడికి ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలైంది. మొదటి జీతంతో నాన్నమ్మకి చీర, నాకు మిక్సీ కొన్నాడు. ఆ తరువాత వాడి చూపు కారు మీద పడింది. 2009లో మావారు కొన్న స్విఫ్ట్ అది. 2024లో పదిహేనేళ్ళు నిండితే ఆర్టీఓ ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించి, రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకి పొడిగించుకున్నాం. ఇప్పుడు ఎక్కువగా వాడే నడుపుతున్నాడు.

"కారు కాస్త కిందికి దించుతానమ్మా. లోవరింగ్ స్ప్రింగులు వేస్తే టైరు పైన ఆ ఖాళీ పోయి భలే ఉంటుంది," అన్నాడు. మావారు పేపర్లోంచి తలెత్తకుండానే "కుదరదు" అన్నారు. ఆ ఒక్క మాటతో తండ్రీకొడుకుల మధ్య వారం రోజులు మాటల్లేవు. మీ ఇంట్లోనూ ఇలాంటి వారాలు వచ్చే ఉంటాయి. మధ్యలో కాఫీలు అందించేది మనమే.

వద్దనాలన్నా, సరేననాలన్నా అసలు అదేమిటో తెలియాలి కదా. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక వాడి పక్కన కూర్చుని, "ముందు నాకు అర్థమయ్యేలా చెప్పు," అన్నాను.

కారు బరువు మోసేది స్ప్రింగు. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు, స్ప్రింగు ఊపుని ఆపుతుంది. ఊయల ఊపి వదిలేస్తే చాలాసేపు ఊగుతుంది, చెయ్యి అడ్డం పెడితే ఆగుతుంది. షాకు ఆ చెయ్యి. లోపలున్న నూనె సన్నటి దారుల గుండా పోతూ ఊపుని అణిచేస్తుంది. పొట్టి స్ప్రింగు వేస్తే గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి కదలడానికి మిగిలే జాగా తక్కువ. ఆ కొద్ది జాగాలోనే ఆపుకోవాలి కాబట్టి ఆ స్ప్రింగుని పాతదానికంటే గట్టిగా చేస్తారు. గట్టి స్ప్రింగు నొక్కుకుని వదిలినప్పుడు ఎదురు తన్నేదీ ఎక్కువే. పాత స్ప్రింగుకి సరిపడా చేసిన షాకు దాన్ని పట్టలేదు. కారు ఎగిరెగిరి పడుతుంది.

నేను చదివింది తెలుగు బి.ఏ. నాకు వెంటనే తోచింది ద్వంద్వ సమాసం. తల్లిదండ్రులు, అన్నదమ్ములు అన్నట్టు రెండు పదాలకీ సమాన ప్రాధాన్యం. స్ప్రింగూ షాకూ అలాంటివే, ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఎంచుకోవాలి. మావాడు నవ్వి, "కరెక్టేనమ్మా, కానీ అందరూ స్ప్రింగు ఒక్కటే కొంటారు, చవకని," అన్నాడు.

ఇంకా చవక దారి ఆటోనగర్‌లో ఒకాయన చెప్పాడట, ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసేస్తే చాలని. అది విని మావాడే వెనక్కొచ్చేశాడు. కోసిన కొస దాని గూట్లో సరిగ్గా కూర్చోదు. గ్యాసుతో కోస్తే వేడికి ఉక్కు బిగువు పోతుంది. ఎత్తు మీద కారు ఎగిరి చక్రం వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పక్కకి జారినా జారుతుంది. షాపులో కొనే స్ప్రింగుకైనా ఈ చివరి పరీక్ష ఉంది. చక్రం పూర్తిగా కిందికి వేలాడినా స్ప్రింగు గూట్లో బిగువుగానే ఉండాలి. ఎక్కువ దించే స్ప్రింగులకి పొట్టి షాకులు వేరే తయారు చేసేది అందుకే. బిల్‌స్టైన్ కంపెనీ బి6 అని మామూలు పొడవువీ, బి8 అని దించిన కార్ల కోసం పొట్టివీ వేర్వేరుగా అమ్ముతుంది.

మర్నాడు ఆదివారం. టేపు నేనే తీశాను, జాకెట్లు కొలిచే టేపు. చక్రం మధ్య నుంచి పైన అంచు దాకా నాలుగు వైపులా కొలిచాం. నేల నుంచి కొలిస్తే టైర్లో గాలిని బట్టి లెక్క మారుతుందట. తరువాత మేం నలుగురం ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేసి, కింద వాచ్‌మన్ చేత మళ్ళీ కొలిపించాం. వెనక మూడు సెంటీమీటర్ల పైనే దిగింది. ఈ స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు. మావాడు ముందు మోజుపడ్డది 40 మిల్లీమీటర్లు దించే స్ప్రింగుల మీద. మనుషులూ బియ్యం బస్తా దించేది దాని మీద అదనం. స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్దేశం. మా కాలనీలో వేసినవి గోడ కట్టినట్టు నిటారుగా ఉంటాయి. సెల్లారు ర్యాంపు సంగతి సరేసరి. మావాడు కాగితం మీద లెక్క వేసి తనే 40 కొట్టేసి 25 అని రాశాడు.

అసలు పరీక్ష ఇంట్లో జరిగింది. మా అత్తయ్యగారికి రెండేళ్ళ క్రితం స్నానాల గదిలో జారిపడి వెన్నుపూస చిట్లింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి ఈ కార్లోనే వెళ్తారు. నేను నోరు తెరవకముందే మావాడు ఆవిడని డైనింగు కుర్చీ దగ్గరికి తీసుకొచ్చాడు. కుర్చీలో పరుపు సరిగ్గా అంగుళం మందం ఉంటుంది. అది తీసేసి, "నాన్నమ్మా, కూర్చుని లే," అన్నాడు. లేచారు, కాస్త మెల్లిగా. ఇంకా తగ్గువగా ఉండే సోఫాలో కూర్చోబెడితే వాడి చెయ్యి పట్టుకుంటే గానీ లేవలేకపోయారు.

"ఎత్తు సంగతి అలా ఉంచరా, గుంతలో పడితే నడుంలో సూది గుచ్చినట్టు ఉంటోంది. అది తగ్గించే మార్గం చూడు," అన్నారావిడ. నాకు ఎప్పుడూ చెప్పలేదు ఆ మాట.

మావాడు గబగబా కిందికెళ్ళి చూసొచ్చాడు. కారు మూల నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాలి, మూడుసార్లు ఊగిందట. వెనక షాకుల మీద నూనె చెమ్మ. అంటే దించినా దించకపోయినా షాకులు మార్చక తప్పదు.

ఆ సాయంత్రం మావారి ముందు కాగితం పెట్టాడు. ఆయన చదివి, "కంపెనీ ఇచ్చిన లక్షణాలకి భిన్నంగా బండి మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఇన్సూరెన్స్ వాడు కూడా అడుగుతాడు," అన్నారు. 'కుదరదు' వెనక ఇంత ఉందని అప్పుడు తెలిసింది. కారణం ముందే చెబితే ఆ వారం కాఫీలు చల్లారేవి కాదు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. ముందు నాలుగు షాకులూ కొత్తవి, మామూలు పొడవువి. వాటితోపాటు పై మౌంటింగులు, బంప్ స్టాప్ రబ్బర్లు, ఆపైన వీల్ అలైన్‌మెంట్. 25 మిల్లీమీటర్లు దించే స్ప్రింగుకి మామూలు పొడవు షాకు సరిపోతుందని ఆ స్ప్రింగుల కాగితంలోనే రాసి ఉంది కాబట్టి, రేపు స్ప్రింగులు వేసినా ఈ డబ్బు వృథా కాదు. స్ప్రింగులు మాత్రం ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ కంపెనీలోనూ రాతపూర్వకంగా అడిగాకే. వేస్తే నాలుగూ ఒకే సెట్టులోవి, మళ్ళీ అలైన్‌మెంట్. దించాక చక్రాల వాలు మారుతుంది, చూసుకోకపోతే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి.

షాకులు వేసి పదిహేను రోజులైంది. వాడు దాచుకున్నది చాలా మటుకు అయిపోయింది. మొన్న ఫిజియోథెరపీ నుంచి వస్తూ అత్తయ్యగారు దారంతా మా ఆడపడుచుతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు. ఇదివరకు గుంత వచ్చినప్పుడల్లా మాట ఆపి సీటు పట్టుకునేవారు. మావాడు అద్దంలోంచి ఆవిడని చూస్తున్నాడు. టైరు పైన ఖాళీ అలాగే ఉంది, ఆర్టీఓ ఆఫీసు నుంచి జవాబు ఇంకా రావాలి.