ఖాళీ పెనం

స్టవ్ మీద నాన్‌స్టిక్ పెనం పెట్టిందో లేదో, ముందుగదిలో ఫోన్ మోగింది. మాటల్లో పడి ఆమె ఆ సంగతే మరిచిపోయింది. మదనపల్లెలో వాళ్లది చిన్న అద్దె ఇల్లు. వంటింటికి ఒకటే కిటికీ. ఘాటు వాసన తగిలి పరుగున వచ్చేసరికి ఖాళీ పెనం పొగలు కక్కుతోంది. గ్యాస్ కట్టేసి, కిటికీ తెరిచాక గానీ గుర్తు రాలేదు, తనకు ఐదో నెల అని.

రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి పుంగనూరుకు ఫోన్ చేస్తే అమ్మ ఎత్తిపొడిచింది. "మొదట్నించీ చెప్తానే ఉండాను, ఆ నల్లపెనం పారెయ్యమని. ఇనింటే గదా!"

కుప్పం నుంచి అత్త మాత్రం మెత్తగా మాట్లాడింది. "భయపడొద్దు పాపా. ఇంట్లో కళాయి పూసిన ఇత్తడి గిన్నెలుండాయి. వచ్చినప్పుడు తీసకపో."

డాక్టరమ్మ అడిగింది మూడే ప్రశ్నలు. జ్వరం వచ్చిందా, దగ్గుందా, ఆయాసముందా? ఏదీ లేదు. "ఒక్కసారి పీల్చిన పొగకు ఇంత దిగులొద్దు. వాటిలో ఏది కనిపించినా వెంటనే రా" అని పంపేసింది. ఖాళీ పెనం 260 డిగ్రీలు దాటితే పూత విడిపోవడం మొదలవుతుంది. ఆ పొగకు మనుషులకు ఫ్లూ లాంటి జ్వరం రావచ్చు. పంజరంలోని చిలకలైతే చచ్చిపోతాయి. పెద్ద మంట మీద ఖాళీ పెనం అంత వేడెక్కడానికి కొద్ది నిమిషాలు చాలు. పిండి పోసి, సన్న సెగన కాల్చుకునే దోసెతో ఆ చిక్కు లేదు. గీరుకుపోయి పెచ్చు కడుపులోకి వెళ్లినా అరగకుండా బయటికే పోతుంది.

అలాగని భయం ఊరికే పుట్టలేదు. ఆ పూత పీటీఎఫ్ఈ, మనం టెఫ్లాన్ అంటాం. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్తకు అనుకోకుండా దొరికింది. దాని తయారీలో పీఎఫ్ఓఏ అనే ఇంకో రసాయనం వాడేవారు. గొడవంతా దానితోనే. వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర డూపాంట్ ఫ్యాక్టరీ నుంచి అది తాగునీళ్లలో కలిసింది. 1981లో అక్కడ పనిచేసే ఆడవాళ్లకు పుట్టిన ఏడుగురు బిడ్డల్లో ఇద్దరికి కంటి లోపాలున్నట్టు కంపెనీ పరీక్షల్లోనే తేలింది. తరువాత కోర్టు ఒప్పందంతో ఏర్పడిన శాస్త్రవేత్తల బృందం సుమారు 69 వేల మంది వివరాలు పరిశీలించింది. పుట్టుక లోపాలతో సంబంధం తేలలేదు గానీ, గర్భిణులకు వచ్చే రక్తపోటుతో సంబంధం ఉండొచ్చని 2011లో చెప్పింది. 2019లో పీఎఫ్ఓఏను స్టాక్‌హోం ఒప్పందంలో చేర్చారు. అయితే వాళ్లను దెబ్బతీసింది తాగిన నీళ్లు, తిన్న దోసెలు కాదు. ఇప్పటి డబ్బాల మీద 'పీఎఫ్ఓఏ లేదు' అని గొప్పగా రాస్తారు. పూత పీటీఎఫ్ఈ అయితే మాత్రం, ఖాళీగా కాలిస్తే అదీ పొగే కక్కుతుంది.

ఆదివారం భర్తతో కలిసి కుప్పం వెళ్లింది. అత్త గిన్నెలన్నీ తోమి వరసగా పెట్టింది. కళాయి అంటే తగరం. అది స్వచ్ఛమైనదైతే బెంగ లేదు. చవగ్గా వస్తుందని సీసం కలిపితేనే ముప్పు. సీసం తల్లి రక్తం నుంచి బిడ్డకు చేరుతుంది, మెదడును దెబ్బతీస్తుంది. ఇందులో అనుమానానికి చోటే లేదు. 2025లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ మన దేశం నుంచి వచ్చిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుంచి సీసం దిగుతోందని హెచ్చరించింది. మదనపల్లె టమోటాల పులుపు తోడైతే ఇంకా దిగుతుంది. నల్లపెనాన్ని తిట్టిపోసి పాత గిన్నెలకు దండం పెట్టేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

అత్తకు ఇదంతా చెప్పేదెట్లా? "బరువులెత్తొద్దన్నారత్తా" అని దాటేసింది. భర్త నవ్వు ఆపుకున్నాడు.

తిరుగుదారిలో పలమనేరులో మెరుగు పూత లేని మట్టిచట్టి ఒకటి కొన్నారు, పులుసుకని. పుంగనూరులో అమ్మ అటక మీది ఇనుపపెనం దింపి, చింతపండుతో తోమి, నూనె రాసి పొయ్యి మీద పెట్టింది. మొదటి మూడు దోసెలూ అంటుకుపోయాయి. "నల్లపెనమైతే..." అని అల్లుడు అనబోయి, అత్త మొహం చూసి ఊరుకున్నాడు. నాలుగోది లేచొచ్చింది.