కమాండ్‌ లైనుకు ఒక తొలివాచకం

ప్రోగ్రాము వ్రాయటం ఒక విద్య. వ్రాసే విధానాన్ని తొలిసారి నేర్చుకొనేవారికి తెలియజెప్పటం వేరొక విద్య. మొదటిది వచ్చినవారందరికీ రెండవది వచ్చునని చెప్పలేము. బొమ్మలు, బొత్తాలు లేని తెరపై ఆజ్ఞలు టైపు చేసి నడిపించే కమాండ్‌ లైను ప్రోగ్రాముల విషయంలో ఈ భేదం మరీ స్పష్టం.

1971 నవంబరులో అమెరికాలోని బెల్‌ ప్రయోగశాలలో కెన్‌ థాంప్సన్‌, డెనిస్‌ రిచీలు యూనిక్స్‌ తొలి మాన్యువల్‌ను సిద్ధం చేశారు. ప్రతి ఆజ్ఞకూ పేరు, వాడే తీరు, వివరణ, తెలిసిన లోపాలు సైతం అందులో పొందుపరిచారు. అయితే అది నిఘంటువు వంటిది. నిఘంటువు చదివి ఎవరూ భాష నేర్వరు. 1978లో కెర్నిహాన్‌, రిచీలు ప్రకటించిన సీ భాషా గ్రంథం ఒక పలకరింపును ముద్రించే చిన్న ప్రోగ్రాముతో పాఠం మొదలుపెట్టింది. వాచకానికి అదే మార్గం.

మన వాచకంలో తొలి ప్రోగ్రాము, పేరు ఇస్తే సలామో నమస్కారమో చెప్పేదైతే చాలును. ఆజ్ఞను ఏ ఫోల్డరులో ఉండి టైపు చేయాలో, తెరపై ఏమి కనబడాలో ముందే చెప్పాలి. ఆజ్ఞకు ముందు ముద్రించే డాలరు గుర్తును టైపు చేయరాదనీ చెప్పాలి. పేరు ఇవ్వకపోతే ప్రోగ్రాము ఏమనాలో కూడా నేర్పాలి. పరీక్షలో సున్న వస్తే తప్పినట్లు. ప్రోగ్రాము ముగుస్తూ ఇచ్చే సంకేతం సున్న అయితే నెగ్గినట్లు. ఇది చెప్పకుంటే విద్యార్థికెలా తెలుస్తుంది?

ఉపమానాలకు మనం దూరం పోనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు నీరు కొల్లేరులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ప్రోగ్రాముకూ సమాచారం వచ్చే దారి, ఫలితం పోయే దారి ఉన్నాయి. తప్పులను తెలిపే మాటలకు వేరొక కాలువ ఉన్నది. ఈ మూడింటినీ మొదటే చూపాలి.

ఉర్దూలో వ్రాసేవారికి మరొక జాగ్రత్త అవసరం. ఉర్దూ కుడినుండి ఎడమకు, ఆజ్ఞ ఎడమనుండి కుడికి సాగుతాయి. ఒకే పంక్తిలో కలిపితే అక్షరానికి ముందుండవలసిన అడ్డగీత వెనుకకు పోయి కనిపించవచ్చు. కనుక ఆజ్ఞను విడిగా, వేరే పంక్తిలో ఉంచాలి.

తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. అటువంటి ద్వారాల దాకా తెలుగు, ఉర్దూ మాధ్యమాల విద్యార్థులు నడిచిపోవాలంటే తొలిమెట్టు వారి భాషలో ఉండాలి. మొదటి ఆజ్ఞ విఫలమైనప్పుడు విద్యార్థి లోపం వాచకానిదనుకోడు. తన బుద్ధిదే అనుకొని చదువు మానుకుంటాడు. అందుచేత అటువంటి వాచకాన్ని రెండు భాషలలో సిద్ధం చేయించి, ఏమీ తెలియని విద్యార్థిచేత ముందుగా చదివించి, అతడు ఆగిన ప్రతిచోటా సవరించి, ఆపైన ముద్రించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము.