మెదక్ ప్రయాణం – నా సద్దిమూట

1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ మహాదేవాలయాన్ని, నూరేళ్ళు నిండడానికి నెల ముందు, 2024 నవంబరులో చూచే భాగ్యం దేవుడు నాకు అనుగ్రహించాడు. మా సంఘంలోని నాలుగు కుటుంబాలు నాతో వచ్చాయి. ఈ ప్రయాణంలో నన్ను శ్రమపెట్టింది దూరం కాదు, తిండి.

నాకు షుగరు ఉందని తెలిసి మూడేళ్ళయింది. అన్నం, ఇడ్లీ, దోసె బాగా తగ్గించి పప్పు, గ్రుడ్లు, కూరలు, మజ్జిగతో కడుపు నింపుకోమని డాక్టరుగారు చెప్పారు. ఇంట్లో నా భార్య కొలిచి పెడుతుంది. బస్టాండులో ఎవరు కొలిచి పెడతారు? అందుకే ఉడికించిన గ్రుడ్లు ఆరు, వేయించిన వేరుశెనగలు, కీరా దోసకాయలు మూటగట్టుకున్నాను. ఉడికిన గ్రుడ్లు ఎక్కువసేపు నిలవ ఉండవు గనుక రాత్రి రైల్లోనే తీశాను. చుట్టూ పిల్లలు చూస్తుంటే ఒక్కడినే ఎలా తింటాను? పంచేశాను. తెల్లవారేసరికి వేరుశెనగలు కూడా అయిపోయి, రెండు కీరాలే మిగిలాయి.

సికింద్రాబాదులో దిగి జూబ్లీ బస్టాండుకు వెళితే ఎటు చూచినా పూరీ, ఇడ్లీ, సమోసా, తియ్యని టీ. మావాళ్ళు కడుపారా తిన్నారు. నేను మాత్రం అలవాటు ప్రకారం మాత్ర వేసుకొని, కీరాలు తిని, నిగ్రహం చూపించాననుకొని బస్సెక్కాను.

మెదక్‌లో దిగగానే 175 అడుగుల గోపురం కనిపించింది. లోపల రంగుటద్దాల కిటికీలలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. సూర్యకాంతి పడితేనే ఆ బొమ్మలకు ప్రాణం. తలెత్తి చూస్తుండగా చేతులు వణికాయి, ఒళ్ళంతా చల్లని చెమట. ఆలయ మహిమ చూచి కలిగిన పరవశమనే మొదట అనుకున్నాను! కళ్ళు మసకబారేసరికి భయం వేసి, ఎలాగో బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

ఎదుట చెట్టు క్రింద ఒక కుటుంబం వంట చేసుకుంటోంది. ఆ ఇంటి తల్లి నా ముఖం చూచి పరుగున వచ్చింది. "గోలీ ఏసుకొని తినకుంటే గిట్లనే అయితది అయ్యగారూ, మా ఇంటాయనకు గూడ గిట్లనే అయింది" అంటూ గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల చక్కెర కలిపి త్రాగించింది. పావుగంటలో తేరుకున్నాను. కొన్ని రకాల మాత్రలు మనం తిన్నా తినకున్నా రక్తంలోని చక్కెరను దించుతూనే ఉంటాయి. అన్నం తగ్గించేవాళ్ళు మాత్ర మోతాదును గూర్చి డాక్టరును ముందే అడగాలి. ఉపవాస కూటాల నాడు మాత్ర వేసుకొని పస్తుండేవారు మన సంఘాల్లో ఎందరో! వాళ్ళకూ ఇదే చెబుతున్నాను.

తరువాత ఆమె జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. "జొన్నరొట్టెతోని షుగరు పెరగది" అంది. అందరూ అలాగే అంటారు. నిజానికి వంద గ్రాముల బియ్యంలో పిండి పదార్థం ఇంచుమించు 78 గ్రాములైతే, జొన్నల్లోనూ 70 దాకా ఉంటుంది. పీచు ఎక్కువ గనుక కొంత మేలు, అంతే. ఒక్క రొట్టెతో ఆపి, కూర రెండుసార్లు వడ్డించుకున్నాను. పెట్టినది తినుడని ప్రభువు ఆ డెబ్బదిమంది శిష్యులకు చెప్పిన మాటను అడ్డం పెట్టుకొని ఎన్ని ఇళ్ళలో పాయసం త్రాగానో నాకే తెలుసు. ఆ రోజు మాత్రం నా జబ్బు సంగతి దాచకుండా చెప్పాను. ఆమె ఏమీ నొచ్చుకోలేదు.

నా మనస్సు మాత్రం కుదుటపడలేదు. ఆ ఆలయం కరవు కాలంలో లేచింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు పని కల్పించి, ఆకలిగొన్న జనానికి కూలిగా తిండి పెట్టి కట్టించారు. గుప్పెడు గింజల కోసం రాళ్ళు మోసినవారి మెట్ల మీద కూర్చొని, గింజలు వద్దంటున్నాను నేను. ఈ మాట నా భార్యతో అంటే, "వాళ్ళు బ్రదకడానికి తిన్నారు, మీరు బ్రదకడానికి మానుతున్నారు, లేవండి బస్సు పోతుంది" అంది.

తిరుగు ప్రయాణంలో నా జేబులో రెండు పొట్లాలున్నాయి. ఒకటి మెదక్ బజారులో కొన్న వేరుశెనగలు. రెండోది ఆ తల్లి కాగితంలో కట్టి ఇచ్చిన చక్కెర.