సగం గ్లాసు టీ

గేటు దాకా వచ్చి రెండుసార్లు ముందుకు వెళ్ళిపోయాం. మూడోసారి అన్నయ్య కారు ఆపమన్నాడు కానీ దిగలేదు. సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చి ఆవరణ అది. వెనక గదిలో లైటు వెలుగుతోంది.

"తెలిసినవాళ్ళెవరైనా ఉంటే?" అన్నాడు.

మా పెద్దమ్మ కొడుకు, యాభై దాటినవాడు. తాగుతాడని వీధి వీధంతటికీ తెలుసు. మానలేకపోతున్నానని నలుగురిలో ఒప్పుకోవడమే ఆయనకు కొండంత సిగ్గు.

ఆ గది దాకా రావడానికి మా ఇంటికి ఏడాది పట్టింది. అడగడానికి మొహమాటపడ్డాం, అంతే. చివరికి వదిన, ఆ గదిలో మీటింగులు పెట్టే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంస్థ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. ఎత్తినాయన కూడా ఒకప్పుడు తాగి మానినవాడే. ఊరూ పేరూ అడగలేదు. "రోజూ తాగుతారామ్మా? మానితే చేతులు వణుకుతాయా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?" అని అడిగి, ముందు డాక్టర్‌కి చూపించమన్నాడు. ఈ సంగతి ప్రతి ఇంట్లోనూ తెలియాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకు ప్రభుత్వ ఉచిత నంబర్లు 14446, టెలీమానస్ 14416 ఉన్నాయి. అన్నయ్య పది రోజులు ఆసుపత్రిలో ఉండి, మందులు వాడాకే ఇక్కడికి వచ్చాడు.

గదిలో పాతిక ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు తెలుగులో, తాగుడు మానడానికి సంస్థ చెప్పే పన్నెండు మెట్ల పటం. ఆ రోజు ఓపెన్ మీటింగ్ కాబట్టి నన్నూ కూర్చోనిచ్చారు. క్లోజ్డ్ మీటింగ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే ప్రవేశం. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలన్నది కట్టుబాటు. అడిగి, వాళ్ళు సరేనన్నంత వరకే రాస్తున్నాను.

ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో డ్రైవర్ ఒకాయన టీ పోస్తున్నాడు. అందరికీ నిండుగా పోసి, అన్నయ్య దగ్గరికి వచ్చేసరికి చేతులకేసి ఒక్క క్షణం చూశాడు. సగం గ్లాసే పోశాడు. వణుకు ఇంకా పూర్తిగా పోలేదు. సగమే కాబట్టి ఒక్క చుక్క ఒలకలేదు. "అయ్యాక మళ్ళీ పోస్తా సార్. మొదట్లో నాకూ సగమే పోసేవాళ్ళు" అన్నాడు నెమ్మదిగా. అన్నయ్య అప్పుడు తలెత్తి ఆయన మొహం చూశాడు. ఏడాదిగా మేమంతా చెప్పిన బుద్ధులు చేయలేని పని అది.

ఈ సంస్థ పుట్టుకలోనూ ఒక ఫోన్ కాల్ ఉంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి అమెరికాలోని ఆక్రన్ ఊళ్ళో, తలపెట్టిన పని చెడి, హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. తాగడం మాని కొన్ని నెలలే అయింది. పక్కనే బార్. అటు వెళ్ళకుండా, తనలాంటి తాగుబోతు ఒకడితో మాట్లాడాలని చర్చివాళ్ళకు ఫోన్ చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్, తాగుడు వల్ల చేతులు వణికే సర్జన్. పావుగంటకని ఒప్పుకున్న బాబ్ కొన్ని గంటలు కూర్చుండిపోయాడు. ఆయన ఆఖరిసారి తాగిన రోజుగా చెప్పుకునే 1935 జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

మీటింగులో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు, సలహా ఇవ్వరు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన కూతురి పెళ్ళికి దాచిన గొలుసు తాకట్టు పెట్టిన రోజు గురించి చెప్పాడు. "నాకు పదకొండేళ్ళు" అని, ఆగి, "ఈ రోజుకి తాగలేదు" అని సరిదిద్దుకున్నాడు. బుట్ట తిరిగినప్పుడు నేను వంద నోటు తీస్తే పక్కాయన చెయ్యి పట్టుకున్నాడు. బయటివాళ్ళ డబ్బు తీసుకోరు, ఖర్చులు సభ్యులవే.

మెట్లలో దైవం ప్రస్తావన కొందరికి మింగుడుపడదు. ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకోవచ్చంటారు. ఈ దారి పనిచేస్తుందా అన్న సందేహం నాకూ ఉండేది. 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను పరిశీలించిన 2020 నాటి సమీక్ష, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థది, పూర్తిగా మానినవాళ్ళు అలాగే నిలబడటంలో ఈ పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోదనీ, చాలాచోట్ల మెరుగనీ తేల్చింది. మన దేశంలో కొరత చికిత్స దగ్గరికి చేరడంలోనే. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్య సాయం అందినట్టు తేలింది.

వదినది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి కదిలిన రోజుల్లో ఆమె హైస్కూల్లో ఉంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు అన్నీ చూసింది. "దుకాణం మూయించడానికి ఊరంతా కదిలింది బాబూ. మానిన మనిషి సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు" అంటుంది. ఆమె మాటే నిజమని నాకూ అనిపిస్తుంది. కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ మీటింగులకు ఇప్పుడు తనూ వెళ్తోంది.

ఇంటికి బయల్దేరేముందు అన్నయ్య చేతిలో నాలుగు ఫోన్ నంబర్లున్న చీటీ పెట్టారు. మూడో వారం ఆయన మళ్ళీ తాగాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేయలేదు, ఆటో డ్రైవర్‌కి చేశాడు. ఆయన వచ్చి తెల్లవార్లూ అరుగు మీద తోడు కూర్చున్నాడట. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు వదిన ఇద్దరికీ ఉప్మా పెట్టింది. ఆదివారం మీటింగులో అన్నయ్య లేచి నిలబడి, తనకు మళ్ళీ ఒకటో వారమని చెప్పాడు.